నీడ ఏ బీరువాలో దొరుకుతుంది?

(అయ్యంకి వెంకటరమణయ్య స్మారకోపన్యాసం)

పిల్లల గురించి మాట్లాడే సభలకు పిల్లల్ని పిలవకపోవడం మనకు ఆనవాయితీ. ఇవాళ మాత్రం వెనుక వరుసలో కొందరు కనిపిస్తున్నారు. నాన్నా, మధ్యలో విసుగొస్తే లేచి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. నచ్చని పుస్తకాన్ని మూసేసే హక్కు పాఠకుడికి ఎప్పుడూ ఉంటుంది.

అయ్యంకి వెంకటరమణయ్య గారు 1890లో పుట్టారు, 1979 దాకా జీవించారు. ఆ నిండు జీవితంలో ఆయన మోసినంత పుస్తకాల బరువు ఈ రాష్ట్రంలో మరొకరు మోశారని నేననుకోను. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో తెలుగు ఊళ్ళ గ్రంథాలయాల ప్రతినిధులను ఒకచోట కూర్చోబెట్టారు. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. గ్రంథాలయాలకొక సంఘం అక్కడే ఏర్పడింది. తర్వాత ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక నడిపారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో గ్రంథాలయ మహాసభ జరగడం వెనుక ఉన్నదీ ఆయనే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మనం జరుపుకునే వారోత్సవాలకు మూలం అక్కడుంది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను గుర్తుచేయదలచింది ఆ తరం పట్టుదల ఒక్కటే. పాఠకుడు రాలేదని వాళ్ళు కూర్చోలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. రైతు పొలం గట్టు దిగి వచ్చి పడవలోంచి పుస్తకం తీసుకున్నాడు.

ఇప్పుడు పడవ అక్కర్లేదు. సెలవుల్లో పిల్లలు తమంతట తామే గ్రంథాలయం గుమ్మంలోకి వస్తున్నారు. వచ్చినవాళ్ళకు పుస్తకం చేరుతోందా? ఇవాళ నా మాటంతా దీని గురించే.

1. బ్యానర్ కింద ఏం జరుగుతోంది

గ్రంథాలయాల్లో జరిగే వేసవి విజ్ఞాన శిబిరాల గురించి చులకనగా మాట్లాడడం నాకు ఇష్టం లేదు. చిన్న పట్నాల్లో ఎండాకాలం పిల్లలు డబ్బు కట్టకుండా కూర్చోగలిగిన చోటు, నెత్తిన ఫ్యాను తిరిగే చోటు, శాఖా గ్రంథాలయం ఒక్కటే. అది తెరిచి ఉండడమే గొప్ప.

అయితే ఆ శిబిరంలో ఒక పూట ఎలా గడుస్తుందో చూడండి. ప్రార్థన, కాసేపు యోగా, స్పోకెన్ ఇంగ్లీషు, రంగుకాగితంతో బొమ్మలు, చిత్రలేఖనం, ఆపైన క్యారమ్స్, చదరంగం. ఆఖరి రోజు బహుమతులు. ముఖ్య అతిథి వచ్చి పుస్తకం హస్తభూషణం అంటారు. అనకుండా వెళ్ళిన అతిథిని నేనింతవరకు చూడలేదు. ఆయన ఆ మాట అనేటప్పుడు వెనకాల బీరువాకు తాళం వేసి ఉంటుంది. మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. ఫొటోలో బ్యానర్ ఉంటుంది, పిల్లలుంటారు, పుస్తకం ఉండదు.

ఈ మధ్య దీనికో మెరుగుదల వచ్చింది. శిబిరానికి, వారోత్సవాలకు ఒక అంశం పెట్టుకుంటున్నారు: పర్యావరణం, ఆరోగ్యం, దేశభక్తి. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఎంచుకునే అంశంలో ఉంది. పర్యావరణం అనగానే నాలుగో తరగతి పిల్ల లేచి ‘చెట్లు నాటాలి’ అంటుంది. ఆ పిల్లకు జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబు కోసం పుస్తకం తెరిచేవాళ్ళు ఎవరుంటారు? చార్టు మీద ఆకుపచ్చ రంగు వేస్తుంది, చప్పట్లు పడతాయి, ఇంటికి పోతుంది. అంశం ఉంది, దాంతో గ్రంథాలయానికి పని లేదు. అదే చార్టు బడిలోనూ వేయించవచ్చు, కల్యాణమండపంలోనూ వేయించవచ్చు.

అంశం అంటే నా లెక్కలో ఒక ప్రశ్న. ఏ ఒక్క బీరువాకూ పూర్తి జవాబు తెలియని ప్రశ్న.

2. నీడ

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక అంశం తీసుకుంటాను. నీడ.

మన గ్రంథాలయంలో నీడ గురించి పుస్తకముందా అని అడిగితే, గ్రంథపాలకులు నిజాయితీగా లేదనే అంటారు. ఆ శీర్షికతో ఏ సినిమా నవలో ఉంటే ఉండవచ్చు. ఇక వెతకడం మొదలుపెట్టండి. విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట అయితే 520లో ఖగోళం, 535లో కాంతి, 582లో చెట్లు, 791లో తోలుబొమ్మలాట, 398లో జానపద కథలు. పురాణాలు మరో గోడకు ఉంటాయి. పిల్లవాడు నీడ పట్టుకుని గది చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తాడు. పెద్దవాళ్ళమైన మనం అరవయ్యేళ్ళు గ్రంథాలయానికి వెళ్ళి కూడా ఒకే బీరువా దగ్గర నిలబడిపోతాం. నవలల బీరువా అని వేరే చెప్పనక్కరలేదు.

ముందు కథలతో మొదలవుతుంది, ఎందుకంటే కథ చెప్పడానికి సామగ్రి అక్కర్లేదు. లంకకు పోతున్న హనుమంతుడిని సముద్రం మీద ఆపిందెవరు? సింహిక. అతని నీడ పట్టుకుని లాగింది. సుందరకాండలో ఈ ఘట్టం విన్న పిల్లలు ఆ పూటంతా ఒకరి నీడను ఒకరు తొక్కుతూనే ఉంటారు. సూర్యుడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి తన బదులు ఛాయాదేవిని ఉంచి వెళ్ళిన కథ ఉంది. ఆ ఛాయాదేవి కొడుకే శని. పంచతంత్రంలో కుందేలు మాట విని బావిలోకి దూకిన సింహం ఉంది. అక్కడ చురుకైన పిల్ల ఎవరో ఒకరు ఆపుతారు: ‘బావిలో కనిపించింది నీడ కాదండీ, అద్దంలో కనిపించినట్టు కనిపించింది. నీడైతే నల్లగా ఉండాలి కదా?’ ఈ ప్రశ్న వచ్చిన చోట పెద్దవాళ్ళు నోరు మూసుకోవాలి. నా మాట నమ్మండి, మాస్టార్లకు ఇది కష్టం. జవాబు నాలుక చివరే ఉంటుంది. చెప్పకుండా కాంతి గురించిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, పక్కకు తప్పుకోవాలి.

మరి అన్ని నీడలూ నల్లగానే ఉంటాయా? ఉండవు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మలు ఎర్రగా, పచ్చగా, నీలంగా తెర మీద పడతాయి. మేకతోలును వెలుతురు దూరేంత పలచన చేసి రంగు అద్దుతారు కాబట్టి ఆ నీడకు రంగు వస్తుంది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. గ్రంథాలయంలో తోలు దొరకదు. పాత శుభలేఖల అట్ట, పెళ్ళి బహుమతుల మీద చుట్టే రంగు కాగితం, ఒక పంచె, ఒక బల్బు ఉంటే చాలు. రంగు కాగితంలోంచి రంగు నీడ, అట్టలోంచి నల్ల నీడ. ఆ రెండూ పక్కపక్కన పడ్డాక కాంతి పుస్తకంలోని పేజీకి ప్రాణం వస్తుంది. రంగుకాగితం బొమ్మలు వద్దని నేననడం లేదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బొమ్మ చేశాక పిల్లవాడు ఏ పుస్తకం దగ్గరకు పోతాడో నిర్వాహకులకు ముందే తెలిసి ఉండాలి, అంతే.

ఇక కాలం. అన్నవరం కొండ మీద సత్యదేవుని దర్శనానికి వెళ్ళినవాళ్ళు అక్కడి నీడ గడియారాన్ని చూసే ఉంటారు. ప్రసాదం క్యూలో ఉండి చూడకపోతే ఈసారి చూడండి. పిల్లలకు గ్రంథాలయం ఆవరణలో ఒక కర్ర, కొంచెం సుద్ద ఇస్తే గంట గంటకు గీత గీస్తారు. ఆ గీతల దగ్గర మహీధర నళినీమోహన్ గారి ‘కేలండర్ కథ’లోంచి ఒక భాగం చదివి వినిపించవచ్చు. లెక్కల్ని, సైన్సును తెలుగులో ఇంత సరదాగా రాసినవారు తక్కువ. అలాంటి పుస్తకం పెద్దల బీరువాలో పడి ఉండి, ఏ పిల్లవాడి చేతికీ అందకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వేసవికి నీడ ఎందుకు తగిన అంశమో ఇప్పుడు చెబుతాను. రెండు తెలుగు రాష్ట్రాలూ కర్కట రేఖకు దిగువన ఉన్నాయి. అందువల్ల ఇక్కడి ప్రతి ఊరికీ ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. రెండోసారి వచ్చేది ఆగస్టు ప్రాంతంలో, అప్పుడు మబ్బులు. మొదటిసారి మాత్రం అచ్చంగా సెలవుల్లో. తిరుపతికి ఏప్రిల్ ఆఖరి వారంలో, కర్నూలుకు మే మొదట్లో, హైదరాబాదుకు మే 9 ప్రాంతంలో, విశాఖకు ఆ మర్నాడో ఆపై రోజో, ఆదిలాబాదుకు మే మూడో వారంలో. నీడ లేని రోజు మన ఊళ్ళను దాటుకుంటూ ఉత్తరానికి నడిచిపోతుంది. దీన్ని మించిన ప్రారంభోత్సవం ఏ ముఖ్య అతిథీ చేయలేడు, శాలువా ఖర్చు కూడా మిగులుతుంది.

నీడతోనే భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ఎరటోస్తనీసు గురించి మీకు తెలుసు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని సైయీను ఊళ్ళో నడివేసవి మధ్యాహ్నం నీడ పడని సమయానికి, అలెగ్జాండ్రియాలో నీడ వృత్తంలో యాభయ్యో వంతు వంగి పడిందని చూశాడు. రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని యాభైతో హెచ్చవేశాడు. పిల్లలకు చెప్పేటప్పుడు ఆయన ఉద్యోగం కూడా చెప్పండి. అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి ఆయన అధిపతి. ఇక్కడున్న గ్రంథపాలకులు కాస్త నిటారుగా కూర్చోవడం గమనించాను.

3. రోజులు ఎలా నడపాలి

ఈ భాగం త్వరగా ముగిస్తాను. నడిపేవాళ్ళకు ఎవరి పద్ధతి వాళ్ళకుంటుంది.

ఒకే అంశం మీద మూడు వారాలు ఉండాలి. రోజుకొక అంశం పెడితే పిల్లవాడికి ప్రశ్న ముదిరేలోపు శిబిరం మరోచోటికి పోతుంది. మూడు నుంచి ఐదో తరగతి దాకా ఒక జట్టు, ఆరు నుంచి ఎనిమిది దాకా మరో జట్టు. తొమ్మిది, పది చదివేవాళ్ళను పాఠకులుగా కన్నా సాయం చేసేవాళ్ళుగా పిలిస్తే ఇష్టంగా వస్తారు. ఆ వయసుకు ఒక హోదా కావాలి. సమయం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, నీడ మాయమయ్యే రోజున మాత్రం మధ్యాహ్నం దాకా. ఎండలో పని ఉన్న రోజున పది నిమిషాలకు మించి బయట ఉంచకూడదు, కడవ నిండా మజ్జిగ ఉండాలి. తల్లిదండ్రులకు ముందు రోజే చెప్పాలి.

రోజూ కనీసం ఇరవై నిమిషాలు ఎవరో ఒకరు పైకి చదవాలి. ఇది ముఖ్యం, ఇక్కడ కాసేపు ఆగుతాను. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022లో చూస్తే దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగం కూడా లేరు. దీనికి తోడు మన దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలు ఒక తరం మొత్తం తయారయ్యారు. తెలివైనవాళ్ళు. నీడ గురించి ఎంత చక్కటి ప్రశ్న అయినా వేస్తారు. వత్తు అక్షరం దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు, ఆగినందుకు సిగ్గుపడతారు, మర్నాడు రారు. ఆ పిల్లవాడి చేతికి పుస్తకమిచ్చి అందరి ముందూ చదవమనడం శిక్ష. వాడికి ముందు వినిపించాలి. విన్న కథ ఉన్న పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, తెలిసిన కథే కాబట్టి కూడబలుక్కుని చదువుకుంటాడు. ‘మంచి పుస్తకం’ ప్రచురణల వాళ్ళు, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళు వేసిన చిన్న బొమ్మల పుస్తకాలు ఇందుకు బాగా పనికొస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలను ఉచితంగా అచ్చు తీసుకోవచ్చు కూడా. పాత చందమామ బైండ్లు ఉన్న గ్రంథాలయం అయితే అదృష్టం. వాటిని పరిశోధకుల కోసం దాచవద్దు. పరిశోధకులు పీడీఎఫ్‌లు చూసుకుంటారు.

కాల్పనికం కాని పుస్తకాలు, అంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళు తమంతట తాము చదువుకోగల విషయాల పుస్తకాలు, తెలుగులో తక్కువ. అందుకే అంశం ఎంచుకునే ముందు బీరువా చూడాలి. కనీసం ఇరవై పుస్తకాల్లో ఒక్కో పేజీ అయినా దొరక్కపోతే ఆ అంశం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కాగితపు చీటీల మీద పేజీ నంబరు రాసి పుస్తకంలో పెట్టుకోవడమే నిర్వాహకుల అసలు కసరత్తు. శిబిరానికి ముందు వారం రోజులు ఆ పనికే పోతాయి.

4. బహుమతి ఎవరికి

క్విజ్ పెడతాం. ముగ్గురికి బహుమతులు, మిగిలినవాళ్ళకు చప్పట్లు కొట్టే పని. ఆ ముగ్గురూ బడిలోనూ మొదటి ముగ్గురే అయి ఉంటారు. వాళ్ళు మన గ్రంథాలయం లేకపోయినా చదువుతారు.

బ్రిటన్‌లో 1999 నుంచి పౌర గ్రంథాలయాలు వేసవి పఠన సవాలు ఒకటి నడుపుతున్నాయి. నాలుగు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు. ఏటా ఒక అంశం ఉంటుంది. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టి యాభయ్యేళ్ళయిన 2019లో అంతరిక్షాన్ని తీసుకున్నారు. నియమం తేలిక. సెలవుల్లో ఆరు పుస్తకాలు చదవాలి. ఏవి చదవాలన్నది పిల్లల ఇష్టం. చదివిన ప్రతి పిల్లకూ పతకం, ప్రశంసాపత్రం. మొదటి, రెండో స్థానాలు లేవు. ఈ పద్ధతి మనం నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు. పతకం బదులు చేతిరాతతో పిల్లవాడి పేరు రాసిన గ్రంథాలయ కార్డు ఇస్తే మరీ మంచిది.

అమెరికాలో బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు వేసవిలో ఏం నేర్చుకుంటున్నారో పరిశీలించి 1978లో పుస్తకం వేశారు. పేద ఇళ్ళ పిల్లలకూ ఉన్న ఇళ్ళ పిల్లలకూ మధ్య చదువులో దూరం ఎక్కువగా పెరిగేది సెలవుల్లోనే అని ఆమెకు తేలింది. సెలవుల్లో పిల్లల ఎదుగుదలకు మిగతా సంస్థలన్నిటికన్నా ఎక్కువ తోడ్పడింది పౌర గ్రంథాలయం. ఆరు పుస్తకాలో, అంతకన్నా ఎక్కువో చదివినవాళ్ళు ముందుకు వెళ్ళారు. అట్లాంటా మన ఊరు కాదు, నిజమే. కానీ మన ఊళ్ళోనూ డబ్బున్న పిల్లవాడు వేసవిలో ఈతకు, కీబోర్డుకు, కోచింగుకు పోతాడు. రెండోవాడికి గ్రంథాలయం మిగులుతుంది. క్విజ్ బహుమతి ఆ మొదటివాడు వచ్చి పట్టుకుపోతే మనం ఎవరి కోసం తలుపు తెరిచినట్టు?

5. తాళం

ఇప్పుడు అప్రియమైన మాట. పిల్లలకు పుస్తకం ఇంటికి ఇవ్వడానికి గ్రంథపాలకులు భయపడతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పుస్తకం పోతే ఆడిట్లో జవాబు చెప్పుకోవలసింది వాళ్ళే. వంద రూపాయల పుస్తకానికి సంజాయిషీ రాసుకునేకన్నా తాళం వేసుకోవడం సుఖం. పిల్లవాడి వైపు ధరావతు అడ్డం. పుస్తకం చేతికందడానికి ముందే నాన్నను డబ్బు అడగాలి.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931 నాటి తన అయిదు సూత్రాల గ్రంథంలో ఒకప్పుడు పుస్తకాలను గొలుసులతో కట్టేసిన సంగతి చెప్పారు. పుస్తకాలు వాడకానికే ఉన్నాయన్నది మొదటి సూత్రం. గొలుసులు పోయాయి, తాళంచెవి మిగిలింది. నా సూచన చిన్నది. శిబిరం కోసం ఏరిన పుస్తకాల వరకు, అవి రెండు వందలైనా సరే, ధరావతు వద్దు. బడి ప్రధానోపాధ్యాయుల సంతకం చాలు. వాటిలో కొన్ని చిరుగుతాయని, కొన్ని పోతాయని జిల్లా గ్రంథాలయ సంస్థ ముందే ఒక కాగితం మీద ఒప్పుకోవాలి. ఆ కాగితం ఉంటే గ్రంథపాలకులు బీరువా తెరుస్తారు.

డబ్బు ఎక్కడిది అంటారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. జనం కడుతున్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థల నుంచి అది గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరదు, బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుంటాయి. ఖాళీ పోస్టుల సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒక్కరే తలుపు తీసి, ఊడ్చి, పేపర్లు సర్ది, సంతకాలు పెట్టి, శిబిరమూ నడపాలి. అందుకే ఒక్క అంశం, మూడు వారాలు, చీటీలు పెట్టిన ఇరవై పుస్తకాలు, సాయానికి తొమ్మిదో తరగతి పిల్లలు అంటున్నాను. ఇంతకన్నా పెద్దది ఒక్కరి వల్ల కాదు.

శిబిరం అయ్యాక నివేదిక పంపాలి కదా. ఫొటోలతోపాటు ఇష్యూ రిజిస్టరు కూడా జత చేయండి. శిబిరానికి ముందు నెలలో పిల్లలు ఎన్ని పుస్తకాలు పట్టుకెళ్ళారు, బడులు తెరిచాక జులైలో ఎన్ని పట్టుకెళ్ళారు. రెండు అంకెలు చాలు. జులై అంకె పెరగకపోతే, బ్యానర్ ఎంత పెద్దదైనా, వచ్చే ఏడాదికి అంశం మార్చండి.

చివరగా ఒక పని. ఈ సభలో లెక్కల మాస్టార్లున్నారు కనుక ధైర్యంగా అడుగుతున్నాను. తిరుపతి, ఆదిలాబాదు ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. మధ్య సుమారు 670 కిలోమీటర్లు. ఏప్రిల్ ఆఖరి వారంలో తిరుపతి గ్రంథాలయం ఆవరణలో కర్రకు నీడ మాయమైన మధ్యాహ్నం, ఆదిలాబాదులో మీటరు కర్రకు పదిన్నర సెంటీమీటర్ల నీడ పడాలి. పిల్లలు ఆ త్రికోణాన్ని కాగితం మీద తగ్గించి గీసి, కోణమానిని పెట్టి చూస్తే ఆరు డిగ్రీలు వస్తుంది. వృత్తంలో ఆరు డిగ్రీలు అరవయ్యో వంతు. 670ని 60తో హెచ్చవేస్తే 40,200. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. కావలసినవి రెండు కర్రలు, ఒక ఫోన్‌కాల్, మబ్బు లేని ఆకాశం. ఆ మధ్యాహ్నం బడులు మూసిన తొలి రోజుల్లోనే వస్తుంది కాబట్టి మార్చిలోనే మాట్లాడుకోవాలి. రెండు రాష్ట్రాల సంగతి కాబట్టి ఉత్తరప్రత్యుత్తరాలకు కొంచెం ఎక్కువ సమయం పట్టవచ్చు. ఆదిలాబాదు వైపు పిల్లలను పోగుచేయగలవాళ్ళు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. తిరుపతిలో కర్ర నిలబెట్టించే పూచీ నాది. నిర్వాహకులు టీ సిద్ధంగా ఉందంటున్నారు.